బలంగా కొట్టేవాడే ముందు ఎందుకు అలిసిపోతాడు?

(చెన్నైలో తెలుగువాళ్ళం కలుసుకునే ఆదివారం సభలో ఒక బాక్సింగ్ కోచ్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినిపిస్తోందా? ఫ్యాన్ చప్పుడులో నా గొంతు కలిసిపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెబుతాను.

నన్ను పిలిచినప్పుడు కార్యదర్శి గారు ఒకటే అడిగారు. "మాస్టారూ, పాతకాలం హెవీవెయిట్లకి దమ్ము ఎక్కువా, ఇప్పటివాళ్ళకి ఎక్కువా? ఆ తగువు తీర్చెయ్యండి" అని. ఈ తగువు నాకు కొత్త కాదు. ఉత్తర చెన్నైలో ఏ జిమ్‌కి వెళ్ళినా ఇదే. రాయపురం వెళ్ళండి, కాశిమేడు వెళ్ళండి, వ్యాసర్పాడి వెళ్ళండి. సాయంత్రం బ్యాగ్ కొట్టడం అయిపోయాక పెద్దాయన ఒకడు బెంచీ మీద కూర్చుని మొదలెడతాడు. "మా రోజుల్లో 15 రౌండ్లు ఆడేవాళ్ళురా. అంతకుముందు 75 రౌండ్లు ఆడినవాళ్ళున్నారు. ఇప్పటివాడు ఆరో రౌండుకే నోరు తెరుస్తాడు." కుర్రాడొకడు ఎదురు తిరుగుతాడు. "తాతా, వాళ్ళు 85 కిలోలు. ఇప్పుడు 120 కిలోలు. అంత ఒంటితో నువ్వొక రౌండు ఆడి చూపించు." ఇద్దరూ నా వైపు చూస్తారు.

ఇవాళ నేను అందరు బాక్సర్ల గురించీ మాట్లాడను. అలీ దమ్ము గురించి కాదు, హోమ్స్ దమ్ము గురించి కాదు. వాళ్ళు కాళ్ళ మీద, జాబ్ మీద, అంటే ముందు చెయ్యి చాచి వేసే తేలిక దెబ్బ మీద బతికినవాళ్ళు. నేను మాట్లాడేది ఒక్క దెబ్బతో మనిషిని పడగొట్టగల వాళ్ళ గురించి. మార్సియానో, లిస్టన్, ఫోర్‌మన్, షేవర్స్, టైసన్, క్లిచ్కో, వైల్డర్. తగువంతా వీళ్ళ దగ్గరే వస్తుంది. ఎందుకంటే అలిసిపోయినవాళ్ళ జాబితా రాస్తే పైన ఉండే పేర్లు కూడా చాలావరకు వీళ్ళవే. ఎందుకలా? అది ముందు తేల్చుకుందాం. కాలాల సంగతి తర్వాత.

బలమైన పంచ్ భుజంలోంచి రాదు. నా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లలందరూ భుజంతోనే కొడతారు. అసలు బలం పాదంలో మొదలవుతుంది. పిక్క, తొడ, నడుము తిరిగి, అక్కణ్ణుంచి వీపు, భుజం, చిట్టచివరికి పిడికిలి. అంటే గట్టిగా కొట్టిన ప్రతి దెబ్బకీ ఒంట్లో ఉన్న పెద్ద కండరాలన్నీ ఒక్కసారిగా పనిచెయ్యాలి. జాబ్‌కి అంత ఖర్చు లేదు. మరి ఈ ఖర్చంతా ఎక్కణ్ణుంచి వస్తుంది?

చెన్నైవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. మేడ మీద ట్యాంకు ఉంటుంది, కింద బోరుకి మోటారు ఉంటుంది. ట్యాంకులో నీళ్ళున్నంతసేపు ఏ పంపు తిప్పినా ధారగా పడతాయి. ఇంట్లో పంపులన్నీ ఒకేసారి తిప్పితే ట్యాంకు చూస్తుండగానే ఖాళీ. ఆ తర్వాత మోటారు ఎంత తోడితే అంతే. కండరంలో ఆ ట్యాంకు పేరు ఫాస్ఫోక్రియాటిన్. పూర్తి బలంతో వాడితే అది దాదాపు 10 సెకన్లకి వస్తుంది, అంతే. అది అయిపోతే కండరం ఆక్సిజన్ కోసం ఆగకుండా చక్కెరని వాడుకుంటుంది. శక్తి గబగబా వస్తుంది గానీ కండరంలో ఆమ్లం పేరుకుంటుంది. చేతులకి సీసం కట్టినట్టుంటుందని బాక్సర్లు చెప్పేది అప్పుడే. ఇక గుండె, ఊపిరితిత్తులు కలిసి అందించే ఆక్సిజన్ ఉందే, అది మోటారు. రౌండు 3 నిమిషాలు, విరామం 1 నిమిషం. ఆ నిమిషంలో ట్యాంకు పూర్తిగా నిండదు. నిండకముందే గంట కొడతారు.

ఇంకో రెండు సంగతులు చెప్పి ముందుకెళతాను. ఒకటి, తగలని దెబ్బ. తగిలిన పంచ్‌ని ఎదుటివాడి ఒళ్ళు ఆపుతుంది. తగలని పంచ్‌ని ఎవరు ఆపాలి? నువ్వే ఆపాలి. విసిరిన చేతిని నీ కండరాలే వెనక్కి లాగాలి, తూలిన ఒంటిని నీ కాళ్ళే నిలబెట్టాలి. అందుకే గాలిలో కొట్టినవాడు తగిలేలా కొట్టినవాడి కన్నా ముందు అలిసిపోతాడు. రెండోది, బిగుసుకుపోవడం. ఈ దెబ్బతో అయిపోవాలి, ఈ దెబ్బతో అయిపోవాలి అనుకునేవాడు పళ్ళు బిగిస్తాడు, ఊపిరి బిగబడతాడు, మెడ బిగిస్తాడు. కొట్టనప్పుడు కూడా కండరాలు పనిచేస్తూనే ఉంటాయి. మా జిమ్‌లో నేను రోజుకి వందసార్లు అరిచే మాట ఒకటుంది, "ఊపిరి వదలరా" అని. మా ఇంట్లోవాళ్ళు నిద్రలో కూడా అదే అంటున్నానంటారు.

సరే, 75 రౌండ్లు. పెద్దాయన బ్రహ్మాస్త్రం అది. 1889 జులై 8, మిసిసిపీ రాష్ట్రంలో రిచ్‌బర్గ్. జాన్ ఎల్. సల్లివన్, జేక్ కిల్రేన్. గ్లవ్స్ లేకుండా ఒట్టి పిడికిళ్ళతో జరిగిన ఆఖరి పెద్ద హెవీవెయిట్ టైటిల్ పోటీ అది. నడిఎండలో 2 గంటల 16 నిమిషాలు. సల్లివన్ మధ్యలో వాంతి కూడా చేసుకున్నాడు, మళ్ళీ వచ్చి కొట్టాడు. గొప్ప సంగతే, కాదనను.

కానీ లెక్క చూడండి. ఆ నిబంధనల్లో రౌండు 3 నిమిషాలు కాదు. మనిషి కింద పడితే రౌండు అయిపోయినట్టే. పడ్డాక అర నిమిషం విరామం, ఆపైన రింగ్ మధ్యలో గీత దగ్గరికి రావడానికి ఇంకొన్ని సెకన్లు. 136 నిమిషాల్ని 75తో భాగించండి. రౌండుకి రెండు నిమిషాలు కూడా రాదు, విరామంతో కలిపి. కిల్రేన్ ఏం చేశాడు? దెబ్బ తగిలీ తగలకముందే మోకాళ్ళ మీద కూర్చునేవాడు. ఎందుకు? విశ్రాంతి దొరుకుతుంది గనక. మధ్యలో కుస్తీ పట్లు, తోపులాట. అంటే 75 రౌండ్లంటే మన 75 రౌండ్లు కాదు. సల్లివన్ దమ్ము కూడా దానంతటది ఊడిపడలేదు. అంతకుముందు తాగుడుతో ఒళ్ళు పాడుచేసుకున్నవాణ్ణి విలియం మల్డూన్ అనే కుస్తీ వస్తాదు న్యూయార్క్ రాష్ట్రంలో తన పొలానికి తీసుకుపోయి, తాగుడు మాన్పించి, పొలం పని చేయించి, నడిపించి తయారుచేశాడు. మూడేళ్ళు తిరిగాక 1892లో ఇదే సల్లివన్ గ్లవ్స్ తొడుక్కుని, 3 నిమిషాల రౌండ్లలో కార్బెట్‌తో ఆడాడు. 21వ రౌండులో పడిపోయాడు. కార్బెట్ బలంగా కొట్టి పడగొట్టాడని కాదు. అందకుండా తిరిగి తిరిగి అలసగొట్టాడు. తగలని దెబ్బ అన్నానే, అది.

1915లో హవానాలో జాక్ జాన్సన్, జెస్ విలార్డ్ 45 రౌండ్ల పోటీ పెట్టుకున్నారు. 26వ రౌండులో అయిపోయింది. 45 రౌండ్లు ఆడాలని తెలిసినవాడు మొదటి రౌండులో ఎలా ఆడతాడు? నెమ్మదిగా ఆడతాడు. పట్టుకుంటాడు, వాలతాడు, మాట్లాడతాడు. అది దమ్ము కాదా అంటే దమ్మే. కానీ దూరప్రయాణం దమ్ము. ఇప్పటివాడి పరుగు వేరు. ఈ రెండింటినీ పక్కన పెట్టి ఇది పెద్దది, అది చిన్నది అనడానికి ఒకే కొలబద్ద లేదు.

మరి అన్ని కాలాల్లోకీ ఎవరు? బలంగా కొడుతూ, కొడుతూనే ఉండి, ఆఖరి రౌండుకి కూడా అదే బలం మిగుల్చుకున్నవాడెవడు? నా ఓటు రాకీ మార్సియానోకి. ఆశ్చర్యమేమీ లేదు, చాలామంది అదే అంటారు. కానీ ఎందుకో చూద్దాం.

1952 సెప్టెంబర్ 23, ఫిలడెల్ఫియా. జెర్సీ జో వాల్కాట్ చాంపియన్. మొదటి రౌండులోనే మార్సియానోని కింద పడేశాడు, మార్సియానో జీవితంలో అదే మొదటిసారి పడటం. పన్నెండు రౌండ్లయ్యేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ మార్సియానో వెనకబడి ఉన్నాడు. 13వ రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బ. వాల్కాట్ తాడుకి వేలాడుతూ జారిపోయాడు. గమనించాల్సింది ఆ దెబ్బ బలం కాదు, బలంగా కొట్టేవాళ్ళు చాలామందున్నారు. 13వ రౌండులో ఆ దెబ్బకి బలం ఎలా మిగిలింది? అదండీ సంగతి.

మార్సియానో చేతులు పొట్టి. హెవీవెయిట్లలో మరీ పొట్టి. దూరం నుంచి కొట్టడం అతనికి కుదరదు, లోపలికి దూరాలి. కాబట్టి ప్రతి రౌండులోనూ నడుస్తూనే ఉండాలి. ఆ సంగతి అతనికీ తెలుసు, అతని ట్రైనర్ చార్లీ గోల్డ్‌మన్‌కీ తెలుసు. అందుకే మైళ్ళకి మైళ్ళు పరిగెత్తేవాడు. పోటీ ముందు నెలల తరబడి ఇల్లు వదిలి క్యాంపులో ఉండిపోయేవాడు. 1953లో రోలండ్ లాస్టార్జాతో చూడండి. తొలి రౌండ్లలో అందకుండా ఆడాడు లాస్టార్జా. మార్సియానో తల కోసం వెతకలేదు. చేతులు కనబడితే చేతుల మీద, భుజం కనబడితే భుజం మీద. 11వ రౌండుకి లాస్టార్జా చేతులు పైకి లేవలేదు. తగలని దెబ్బ లేకుండా చేసుకున్నాడు చూశారా? ఏదో ఒకదానికి తగిలితే చాలు.

49 పోటీలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. పూర్తి 15 రౌండ్లు అతని ముందు నిలబడినవాడు ఒక్క ఎజర్డ్ చార్ల్స్, 1954లో.

ఇప్పుడు కుర్రాడి వాదన. మార్సియానో బరువెంత? వాల్కాట్‌ని కొట్టిన రోజున 84 కిలోలు. ఇవాళ అయితే అతన్ని హెవీవెయిట్ అనరు, క్రూజర్‌వెయిట్ అంటారు. దాని హద్దు దాదాపు 91 కిలోలు. 1920ల నాటి చాంపియన్ జాక్ డెంప్సీ కూడా అంతే, 85 కిలోలు. ఇవాళ 110, 120 కిలోలవాళ్ళు రింగ్‌లో తిరుగుతున్నారు. బరువు పెరిగినంత సులువుగా గుండె పెరగదు. కండలు పెంచినవాడు ఆ కండలకి కూడా రక్తం అందించాలి, కొట్టినప్పుడూ అందించాలి, ఊరికే నిలబడ్డప్పుడూ అందించాలి. పైగా పెద్ద ఒంటికి వేడి బయటికి పోవడం కష్టం, బరువుతో పోలిస్తే చర్మం తక్కువ గనక. మన మే నెల ఉక్కలో జిమ్ తలుపులు మూసి ఆడితే మా పిల్లల్లో బరువైనవాడే ముందు కూలబడతాడు, నేను రోజూ చూసేదే. కాబట్టి కుర్రాడి మాటలో పస ఉంది.

పస ఉంది గానీ మొత్తం నిజం కాదు. ఎందుకు కాదో చెప్పడానికి నా దగ్గర ఒక మనిషి ఉన్నాడు. కాలాల్ని పోల్చాలంటే ఇద్దరు మనుషుల్ని పోలుస్తాం మనం. వాళ్ళ ఒళ్ళు వేరు, తిండి వేరు, ఎదుటివాడు వేరు. అదే ఒకే మనిషి రెండు కాలాల్లో ఆడి ఉంటే? జార్జ్ ఫోర్‌మన్. అతని దగ్గర కాసేపు కూర్చుందాం.

మొదటి ఫోర్‌మన్. 1973 జనవరి, కింగ్‌స్టన్. జో ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. ఆరుసార్లు! అలీతో 15 రౌండ్లు ఆడి గెలిచి, 15వ రౌండులో అలీని పడేసిన ఫ్రేజియర్ అతను. తర్వాత టోక్యోలో జో రోమన్, ఒక్క రౌండు. తర్వాత కరాకస్‌లో కెన్ నార్టన్, రెండు రౌండ్లు. లెక్కపెట్టండి. మూడు టైటిల్ పోటీలు కలిపి అయిదు రౌండ్లు, అవి కూడా పూర్తిగా కాదు. అప్పటికి 40 గెలుపులు, 37 నాకౌట్లు. అలాంటివాడికి పదో రౌండు ఎలా ఉంటుందో ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుందా? ఎవరైనా గుర్తుపెట్టుకోనిచ్చారా?

1974 అక్టోబర్ 30, కిన్షాసా. అమెరికా టీవీ కోసం తెల్లవారుజామున నాలుగింటికి పోటీ. ఉక్క. 100 కిలోల ఫోర్‌మన్. అలీ వెళ్ళి తాళ్ళకి ఆనుకున్నాడు. మొహం ముందు చేతులు పెట్టుకున్నాడు. కొట్టు అన్నాడు. ఫోర్‌మన్ కొట్టాడు. చేతుల మీద, మోచేతుల మీద, పక్కటెముకల మీద. ప్రతిదీ ఇంటికి పంపించే దెబ్బే. జాబ్ లేదు, విరామం లేదు. దగ్గరికొస్తే అలీ మెడ మీద చెయ్యేసి కిందికి నొక్కేవాడు, ఆ బరువు కూడా ఫోర్‌మన్ మోయాలి. అయిదో రౌండు అయ్యేసరికి ఆ చేతులు చూడండి, తోసినట్టుంటాయి గానీ కొట్టినట్టుండవు. ఎనిమిదో రౌండులో అలీ నాలుగైదు దెబ్బలు వేశాడు, అయిపోయింది. అలీ దెబ్బకి పడ్డాడా, అలసటకి పడ్డాడా? నేనైతే రెండూ అంటాను, కానీ అలసట ముందు వచ్చింది.

మధ్యలో ఒక్కమాట. ఈ హాల్లో 1980లో అలీని నెహ్రూ స్టేడియంలో చూసినవాళ్ళున్నారా? జిమ్మీ ఎలిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు, ఎం.జి.ఆర్. కూడా వచ్చారు. ఆ, అదిగో, అంకుల్ చెయ్యెత్తారు. నమస్కారం అంకుల్. తర్వాత మీతో మాట్లాడాలి నేను.

ఫోర్‌మన్ కథ కిన్షాసాలో ఆగదు. 1976లో రాన్ లైల్‌తో అయిదు రౌండ్లు. ఇద్దరూ పడ్డారు, లేచారు, చివరికి ఫోర్‌మన్ గెలిచాడు. 1977 మార్చిలో సాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్. ఈసారి తొందరపడకూడదనుకున్నాడు. నెమ్మదిగా ఆడాడు. ఏడో రౌండులో యంగ్ కాళ్ళు వణికేలా కొట్టాడు, ముగించలేకపోయాడు. 12వ రౌండులో తానే కింద పడ్డాడు, పాయింట్ల మీద ఓడాడు. ఆ వేడికి, అలసటకి డ్రెస్సింగ్ రూమ్‌లో ప్రాణం పోతున్నట్టు అనిపించి, దేవుడు కనిపించాడన్నాడు. బాక్సింగ్ వదిలేసి చర్చిలో బోధకుడయ్యాడు. పదేళ్ళు.

ఇక రెండో ఫోర్‌మన్. 1987లో తిరిగొచ్చాడు. గుండు, బొజ్జ, నవ్వు. అందరూ నవ్వారు. 1991 ఏప్రిల్ 19, అట్లాంటిక్ సిటీ. ఎదురుగా ఇవాండర్ హోలీఫీల్డ్, 28 ఏళ్ళు, 94 కిలోలు, దమ్ముకి పేరు మోసినవాడు. ఫోర్‌మన్‌కి 42 ఏళ్ళు, దాదాపు 117 కిలోలు. పూర్తి 12 రౌండ్లు ఆడాడు. ఓడాడు, పాయింట్ల మీద. కానీ రౌండు రౌండుకీ మధ్య ఏం చేశాడో చూడండి. స్టూలు మీద కూర్చోలేదు. నిలబడ్డాడు. హోలీఫీల్డ్ కూర్చున్నాడు, ఫోర్‌మన్ నిలబడ్డాడు!

అదే మనిషి. 25 ఏళ్ళకి 100 కిలోలతో ఎనిమిదో రౌండుకి ఖాళీ అయినవాడు, 42 ఏళ్ళకి ఇంకో 17 కిలోలు ఎక్కువ మోసుకుంటూ 12 రౌండ్లు నిలబడ్డాడు. గుండె వయసుతో బాగుపడుతుందా? పడదు. డాక్టర్లెవరైనా ఉంటే చెప్పండి, గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం ఏడాదికేడాది తగ్గుతుంది, ఆక్సిజన్ వాడుకునే శక్తి తగ్గుతుంది. మరి దమ్ము ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఖర్చులోంచి వచ్చింది. రెండో ఫోర్‌మన్ జాబ్ చూడండి. పొడుగ్గా, బరువుగా, నిదానంగా. చేతులు మొహం ముందు అడ్డంగా పెట్టుకుని, ఎదుటివాడి దెబ్బల్ని వాటి మీద పడనిచ్చాడు. వెంటాడలేదు. మొదటి ఫోర్‌మన్ అడుగడుగునా బిగుసుకుని ఉండేవాడు, రెండో ఫోర్‌మన్ భుజాలు వదులుగా ఉంటాయి. ఊపిరి వదులుతూ కొడతాడు. ఈ దెబ్బకి పడకపోతే పోనీ, తర్వాతి రౌండు ఉందిగా అన్నట్టుంటాడు. 1994 నవంబర్ 5, లాస్ వెగాస్. మైకెల్ మూరర్‌తో. తొమ్మిది రౌండ్లు వెనకబడి ఉన్నాడు, ముగ్గురి లెక్కలోనూ. పదో రౌండులో జాబ్, కుడిచెయ్యి, మళ్ళీ జాబ్, కుడిచెయ్యి. మూరర్ పడ్డాడు, లేవలేదు. 45 ఏళ్ళకి మళ్ళీ చాంపియన్. వేసుకున్న నిక్కరు కిన్షాసాలో వేసుకున్నదే. కార్నర్‌లో, అంటే విరామంలో సలహాలు చెబుతూ అతని పక్కన ఉన్నదెవరో తెలుసా? ఏంజెలో డండీ. కిన్షాసాలో అలీ కార్నర్‌లో ఉన్నవాడు!

కాబట్టి పెద్దాయన "అప్పటివాళ్ళకి దమ్ము ఉండేది" అంటే నేనడుగుతాను, ఏ ఫోర్‌మన్ అప్పటివాడు, ఏ ఫోర్‌మన్ ఇప్పటివాడు? కుర్రాడు "బరువే కారణం" అంటే వాణ్ణీ అదే అడుగుతాను.

రౌండ్ల సంగతి కొంచెం చెప్పి ముందుకెళదాం. 1982 నవంబర్‌లో లాస్ వెగాస్‌లో లైట్‌వెయిట్ పోటీ, రే మాన్సీనీ మీద కొరియా కుర్రాడు కిమ్ డక్-కూ. 14వ రౌండులో పడ్డాడు, నాలుగు రోజులకి చనిపోయాడు. దాంతో డబ్ల్యూబీసీ అనే బాక్సింగ్ సంస్థ టైటిల్ పోటీల్ని 12 రౌండ్లకి తగ్గించింది, ఆ దశాబ్దం ముగిసేలోపు మిగతా సంస్థలూ తగ్గించాయి. మంచి పనే. దాని ఫలితం బలంగా కొట్టేవాడికి కలిసొచ్చింది. ఆఖరి మూడు రౌండ్లే కదా వాడికి నరకం, అవి లేకుండా పోయాయి. కండలు పెంచుకోవచ్చు, బరువు మోసుకురావచ్చు. ఎర్నీ షేవర్స్‌నే తీసుకోండి. అతని దెబ్బ అందరి కన్నా బరువైనదని, అతని దెబ్బ తిన్నవాళ్ళే చెప్పుకుంటారు. 1977లో అలీతో 15 రౌండ్లు ఆడాడు. అలిసిపోతాడని పేరున్నవాడు, 14వ రౌండులో కూడా అలీని ఇబ్బంది పెట్టాడు. 15వ రౌండు ఉంది గనక అలీ పుంజుకుని ఆ రౌండు తీసుకున్నాడు. 12 రౌండ్ల కాలంలో షేవర్స్ పుట్టి ఉంటే? ఏమో, మీరే అనుకోండి.

టైసన్ గురించి అడుగుతారని తెలుసు. టైసన్‌కి దమ్ము లేదనడం అన్యాయం. 1987లో బోన్‌క్రషర్ స్మిత్‌తో 12 రౌండ్లు, అదే ఏడాది టోనీ టక్కర్‌తో 12 రౌండ్లు ఆడి గెలిచాడు. 1990లో టోక్యోలో డగ్లస్‌తో పదో రౌండులో పడ్డాడు, నిజమే, కానీ ఎనిమిదో రౌండు చివర్లో డగ్లస్‌ని పడేసింది కూడా టైసనే. ఆయాసంతో ఓడలేదు అతను. తలని కదపడం మానేసి, జాబ్ తింటూ ఒక్కో దెబ్బ కోసం చూస్తూ ఓడాడు. టైసన్ గురించి ఇంతకన్నా చెప్పదలచుకోలేదు, మీకే ఎక్కువ తెలుసు.

వ్లాదిమిర్ క్లిచ్కోది మాత్రం చెప్పాలి. 1998లో కీవ్‌లో, సొంత జనం ముందు, అప్పటిదాకా ఓటమి ఎరగని క్లిచ్కో, రాస్ ప్యూరిటీ అనే మొండిఘటం మీద కొట్టి కొట్టి, 11వ రౌండులో నిలబడలేకపోయాడు. 2004లో లామన్ బ్రూస్టర్‌ని నాలుగో రౌండులో పడేశాడు, అయిదో రౌండులో తానే ఖాళీ అయ్యాడు. అందరూ అతని పని అయిపోయిందన్నారు. ట్రైనర్ ఇమాన్యుయెల్ స్టీవార్డ్ దగ్గర నేర్చుకున్నదేంటి? జాబ్. దూరం. దగ్గరికొస్తే పట్టుకుని, ఎదుటివాడి మీద తన బరువు వెయ్యడం. చూడ్డానికి విసుగు, నాకూ విసుగే, ఎన్నోసార్లు టీవీ కట్టేశాను. కానీ 2006 నుంచి 2015 దాకా చాంపియన్. దమ్ము పెంచుకోలేదు, ఖర్చు తగ్గించుకున్నాడు. ఫోర్‌మన్ దారే. కాకపోతే ఫోర్‌మన్ నవ్వించాడు, ఇతను నిద్రపుచ్చాడు.

2017లో వెంబ్లీలో 41 ఏళ్ళ క్లిచ్కో మీద 27 ఏళ్ళ ఆంథొనీ జాషువా. కండలంటే కండలు, 113 కిలోలు. అయిదో రౌండులో క్లిచ్కోని పడేశాడు, వెంటనే ముగించేద్దామని ఉన్నదంతా ఊడ్చిపెట్టాడు. ఆ రౌండు చివరికి ఎవడు దెబ్బ తిన్నవాడో చెప్పలేం, జాషువాయే ఊగుతున్నాడు. ఆరో రౌండులో తానే పడ్డాడు. లేచాడు, మూడు నాలుగు రౌండ్లు ఊపిరి కూడగట్టుకున్నాడు, 11వ రౌండులో గెలిచాడు. నా శిష్యులకి ఈ పోటీ తప్పకుండా చూపిస్తాను. ఎదుటివాడు పడినప్పుడే నువ్వు ఎక్కువ అలిసిపోతావని అర్థం కావడానికి.

వైల్డర్‌ది తిరకాసు. 2018లో ఫ్యూరీ అనే బ్రిటిష్ బాక్సర్‌తో మొదటి పోటీకి 96 కిలోలే. 12వ రౌండులో కూడా ఫ్యూరీని వెల్లకిలా పడేశాడు. 2021లో మూడో పోటీకి 108 కిలోలకి పెరిగాడు. నాలుగో రౌండులో ఫ్యూరీని రెండుసార్లు పడేశాడు గానీ ఆ తర్వాత కాళ్ళు లేవు, 11వ రౌండులో ముగిసింది. ఫ్యూరీ అప్పుడు 126 కిలోలు, ఆ బరువంతా అతని మీద వేసి వాలాడు. ఇక్కడ కుర్రాడి మాట నిజం. బరువు పెంచడం వైల్డర్‌కి పనికిరాలేదు.

అలాగని ఇప్పటి పెద్ద ఒళ్ళకి దమ్ము ఉండదని తీర్పిచ్చేస్తారేమో, ఆగండి. 1997లో డేవిడ్ టువా, ఐక్ ఇబియాబూచీ. ఇద్దరూ 100 కిలోలు దాటినవాళ్ళు, ఇద్దరూ ఒక్క దెబ్బతో పడగొట్టేవాళ్ళు. 12 రౌండ్లు, ఒకడి తల ఇంకొకడి భుజానికి ఆనించి కొట్టుకున్నారు. ఇద్దరూ కలిపి 1,730 పంచ్‌లు వేశారు. కంప్యూటర్‌తో లెక్కపెట్టడం మొదలయ్యాక హెవీవెయిట్‌లో అప్పటికి అదే రికార్డు. అంత బరువుతో అంత వేగం ఏ కాలంలోనూ సులువు కాదు. ఇద్దరిలో ఎవరూ చాంపియన్ కాలేదు, అందుకే మన తగువుల్లో వాళ్ళ పేర్లు రావు. ఇవాళ ఇంటికెళ్ళి చూడాలంటే కిన్షాసా చూడకండి, అది అందరూ చూసిందే. ఇది చూడండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా. ఆ, ఉసిక్. ఉసిక్ ఈ జాబితాలోకి రాడమ్మా, హెవీవెయిట్‌లో ఒక్క దెబ్బ మీద ఆధారపడే మనిషి కాదు. కానీ బలంగా కొట్టేవాళ్ళని అలసగొట్టడంలో ఇప్పుడున్నవాళ్ళలో అతన్ని మించినవాడు లేడు. క్రూజర్‌వెయిట్ నుంచి వచ్చాడు, 100 కిలోల చుట్టూ ఉంటాడు. నిన్ను నిలబడనివ్వడు, అడుగు వేయిస్తూనే ఉంటాడు. చేతులు ఆడించి భయపెడతాడు, నువ్వు ఊరికే బిగుసుకుంటావు. 2024 మేలో రియాద్‌లో ఫ్యూరీకి తొమ్మిదో రౌండులో ఏమైందో చూడు.

ఇంకెవరు? ఆ, మీరు. మార్సియానోనీ రెండో ఫోర్‌మన్‌నీ 15 రౌండ్లకి దింపితే ఎవరు గెలుస్తారంటారా? పదో రౌండు దాటితే మార్సియానోయే. సందేహం లేదు. కానీ ఒకవైపు 84 కిలోలు, ఇంకోవైపు 117 కిలోలు. పైగా పొట్టి చేతులతో లోపలికి దూరాలి, దూరే దారిలో ఫోర్‌మన్ జాబ్ ఉంటుంది. నాలుగో రౌండుకే అయిపోతుందండీ. డబ్బులు పెట్టమంటే నేను ఫోర్‌మన్ మీదే పెడతాను.